కొండదారికి బూటు... తూకం చూసి కాదు, పాదం చూసి!

- తేలికైన, తడవని బూట్ల ఎంపికలో మెలకువలు
- పడమటి మండలాల దారులకు ఏది నప్పుతుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: నాలుగు వానలు పడ్డాయంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల కొండలకు కొత్త కళ వస్తుంది. సెలవు దినాల్లో యువకులు, విద్యార్థులు జట్లుగా కొండబాట పడతారు. అదే సమయంలో తడి బండపై కాలు జారి చీలమండ బెణికించుకునేవారు, కొత్త బూటు కరిచి కుంటుతూ దిగేవారు, నీళ్లు చేరిన బూట్లతో నానిన పాదాలకు పొక్కులు తెచ్చుకునేవారు కూడా తక్కువేమీ కాదు. ‘తేలికైనవి, తడవనివి’ అన్న రెండు మాటలు పెట్టె మీద చూసి వేల రూపాయలు పోసి కొన్న బూటు, తీరా దారిలో అక్కరకు రాకపోవడానికి కారణం ఒక్కటే. ఆ రెండు గుణాలూ ముఖ్యమైనవే అయినా, వాటికన్నా ముందు చూడవలసినవి మరో రెండు ఉన్నాయి. మొదటిది పాదానికి సరిపోవడం. రెండోది నేలను పట్టి నిలవడం.

మన దారుల తీరు వేరు

బూట్ల ప్రకటనల్లో కనిపించేవి మంచు కొండలు, బురద లోయలు. పడమటి మండలాల నేల అలాంటిది కాదు. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, బి.కొత్తకోట మండలంలో హార్సిలీహిల్స్‌ ఉంది. ఏనుగు మల్లమ్మ కొండగా పేరున్న ఈ గిరికి, కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి.హార్స్‌లీ 19వ శతాబ్దంలో ఇక్కడ వేసవి విడిది కట్టుకున్న తరువాత ఆ పేరు స్థిరపడింది. సముద్ర మట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న కొండపైకి తారురోడ్డు ఉన్నా, కాలినడకను కోరుకునేవారికి ఎదురయ్యేవి నల్లబండలు, వాటిపై పేరుకున్న గరుసు ఇసుక, రాలిన నీలగిరి ఆకులు. ఎండలో గరుసు, వానలో నాచు, రెండూ జారేవే.

పుంగనూరు వైపు చౌడేపల్లె మండలంలోని బోయకొండకు గంగమ్మ దర్శనార్థం వచ్చే భక్తులది మరో అవసరం. అక్కడ పాదరక్షలు విడిచి కొండ ఎక్కవలసి ఉంటుంది. పది కన్నాల్లో లేసులు బిగించుకునే ఖరీదైన బూటు అక్కడ ఉపయోగపడకపోగా, ఎక్కడ విడవాలో తెలియక ఇబ్బంది. సులువుగా విడిచి తొడుక్కునే చెప్పులే అందుకు తగినవి.

కుప్పం, పలమనేరు అటవీ ప్రాంతం మరీ భిన్నం. 1990లో ప్రకటించిన కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఇక్కడిదే. ఏనుగుల కదలికలను కనిపెట్టే అటవీ సిబ్బంది, రాత్రివేళ పంటకు కాపలా ఉండే రైతులు, మేకలు తోలుకెళ్లే కాపరులు నిత్యం నడిచేది ముళ్ల పొదల మధ్యనే. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ పలుచని సోలును తేలిగ్గా గుచ్చుకుపోతాయి. కాబట్టి ‘మంచి బూటు ఏది’ అని కాక, ‘ఏ దారికి, ఏ పనికి’ అని అడగడంతోనే ఎంపిక మొదలవ్వాలి.

మొదట పాదం కొలత

బూటు కరవడానికి అసలు కారణం చాలాసార్లు తోలు కాదు, కొలత. నడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి. అందువల్ల ఉదయం కన్నా సాయంత్రం వేళ బూట్లు కొనడం మేలు. నడకలో వేసుకోబోయే మేజోళ్లనే వేసుకుని కొలత చూసుకోవాలి. చాలామందిలో రెండు పాదాలూ సమానంగా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే జతనే తీసుకోవాలి.

ఇంట్లోనే కొలత తీసుకోవడం సులువు. గోడకు మడమ ఆనించి, పాత దినపత్రిక మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీయాలి. మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస వరకు, తరువాత అన్నిటికన్నా వెడల్పైన చోట కొలవాలి. కొందరిలో బొటనవేలి కన్నా పక్క వేలు పొడవుగా ఉంటుంది. వారు ఆ వేలినే లెక్కలోకి తీసుకోవాలి. బూటు లోపలి పొడవు పాదం కన్నా సుమారు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువుండాలి. బూటు లోపలి అట్టను బయటకు తీసి దానిపై నిలబడితే విషయం ఇట్టే తేలిపోతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పాదం పక్కలు అట్ట అంచు దాటి బయటకు రాకూడదు.

వెడల్పు విషయంలో మనవారికి ప్రత్యేక ఇబ్బంది ఉంది. దేశంలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవి బ్రిటిష్‌, ఐరోపా కొలతలు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ నిపుణులు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిచారు. పాశ్చాత్యుల పాదాల కన్నా భారతీయుల పాదాలు వెడల్పుగా ఉంటాయని ఆ సర్వేలో తేలింది. దాని ఆధారంగా ‘భ’ పేరిట దేశీయ కొలతల విధానాన్ని ప్రతిపాదించారు. పాదం వెడల్పు చాలక కొందరు ఒక సైజు పెద్దది కొంటారు. దానివల్ల బూటు పొడవు పెరిగి, దిగుడులో పాదం ముందుకు జారి, వేళ్లు బూటు కొసకు కొట్టుకుంటాయి. గోళ్లు నల్లబడి ఊడిపోయేది అందుకే. సైజు పెంచడం కన్నా ముందుభాగం వెడల్పుగా ఉన్న నమూనాను వెతుక్కోవడం మంచిది.

దుకాణంలో రెండడుగులు వేసి సరేననుకోవడం పొరపాటు. కనీసం పది నిమిషాలు నడవాలి. మెట్లుంటే ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు మడమ బూటులోంచి పైకి లేవకూడదు. దిగేటప్పుడు వేళ్లు కొసకు తగలకూడదు. ఈ రెండు పరీక్షల్లో నెగ్గని బూటును ‘వాడగా వాడగా సాగుతుందిలే’ అనే మాట మీద కొనవద్దు. కృత్రిమ వస్త్రంతో చేసిన నేటి బూట్లు పాత తోలు బూట్లలా సాగవు.

బరువు తగ్గితే లాభమెంత?

పాదాలకు కట్టుకున్న బరువు, వీపున మోసే అంతే బరువు కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శ్రమ పెడుతుందని సైనికుల నడకపై జరిగిన పరిశోధనలు తేల్చాయి. లెక్క కట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. పది కిలోమీటర్ల దారిలో సుమారు 14 వేల అడుగులు పడతాయి. అంటే ఒక్కో పాదం ఏడు వేలసార్లు లేస్తుంది. ఒక బూటు 200 గ్రాములు ఎక్కువ బరువుంటే, ఆ కాలు రోజు ముగిసేసరికి 1,400 కిలోల అదనపు బరువును ఎత్తినట్లే. అలసిన కాలే తడబడుతుంది. తేలికైన బూటుకు గిరాకీ ఊరికే పెరగలేదు.

అయితే బరువు తగ్గించేది మాయతో కాదు. సోలు పలుచన చేసి, తోలు బదులు జాలీ గుడ్డ వాడి, మడమ దగ్గరి గట్టి అట్టను మెత్తన చేసి తగ్గిస్తారు. తుమ్మ ముళ్లున్న దారిలో మెత్తని నురుగు సోలు పనికిరాదు. జాలీ గుడ్డలో గడ్డి ముళ్లు దిగి, మేజోడు దాటి పాదాన్ని పొడుస్తాయి. అందువల్ల అన్నిటికన్నా తేలికైనది కాక, తగినంత తేలికైనది ఎంచుకోవాలి. ఒక్క పూట నడకకు, చిన్న సంచితో వెళ్లేవారికి చీలమండ కింది వరకు ఉండే నడక బూట్లు చాలు. బరువైన సంచి మోసేవారికి, రాళ్ల దారిలో రోజంతా తిరిగేవారికి చీలమండను కప్పే ఎత్తున్నవి నయం. కింది సోలు గట్టి రబ్బరుదై ఉండాలి. దానిపై ఉండే మెత్తని నురుగు పొరను ముల్లు చేరకుండా కాపాడేది ఆ రబ్బరే.

ఆసరా ఎక్కడుంటుంది?

లోపల మెత్తగా ఉంటే పాదానికి ఆసరా ఉన్నట్లేనని చాలామంది భావిస్తారు. ఆసరా నిజానికి గట్టిదనంలో ఉంటుంది. దాన్ని కనిపెట్టేందుకు మూడు చిన్న పరీక్షలు చాలు.

- మడమ వెనుక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కాలి. సులువుగా లోపలికి అణిగిపోతే మడమ నిలకడగా ఉండదు.
- బూటు కొసను, మడమను పట్టుకుని వంచాలి. వేళ్లు మడత పడే చోట వంగాలి. నడుమన విరిగినట్లు వంగితే పాదం వంపుకు ఆసరా లేదు.
- తడిబట్టను పిండినట్లు మెలితిప్పాలి. పూర్తిగా మెలితిరిగే బూటు రాళ్ల మీద పాదాన్ని నిలపలేదు.

ఎత్తైన బూటు వేసుకుంటే చీలమండ బెణకదన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. రాళ్లు తగలకుండా, ఇసుక, ముళ్లు లోపలికి పోకుండా ఆ ఎత్తు ఉపయోగపడుతుంది. బెణుకును ఆపేది మాత్రం ప్రధానంగా కాలి కండరాల బలం, మడమ కుదురు, చూసి వేసే అడుగు. గతంలో బెణికిన చీలమండ ఉన్నవారు బూటుపైనే భారం వేయక వైద్యులు చెప్పే వ్యాయామాలు చేయాలి.

లేసులు కట్టడంలోనూ తేడా ఉంది. ఎక్కేటప్పుడు పైభాగం కాస్త వదులుగా, దిగేటప్పుడు పాదం ముందుకు జారకుండా చీలమండ దగ్గర బిగుతుగా కట్టుకోవాలి. కొండ కొన చేరగానే లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటే దిగుడులో గోళ్లకు దెబ్బ తగలదు.

సోలుకు ఒక చరిత్ర

1935లో ఇటలీలోని ఆల్ప్స్‌ కొండల్లో ప్రతికూల వాతావరణంలో చిక్కుకుని ఆరుగురు పర్వతారోహకులు ప్రాణాలు విడిచారు. వారి పాదరక్షలు ఆ పరిస్థితులకు తగినవి కాకపోవడం ఒక కారణంగా నిలిచింది. వారి సహచరుడు విటాలె బ్రమానీ ఆ దుర్ఘటన తరువాత, లోతైన గాడులున్న రబ్బరు సోలును రూపొందించి 1937లో హక్కులు పొందాడు. ఆయన పేరులోని అక్షరాలతోనే ‘విబ్రమ్‌’ సోలు పుట్టింది. నేడు కొండ బూట్లన్నిటికీ కనిపించే గళ్ల సోలుకు మూలం అదే.

మన దారులకు నాలుగైదు మిల్లీమీటర్ల లోతున్న గాడులు సరిపోతాయి. గాడుల మధ్య ఎడం ఉంటే బంకమట్టి అంటుకోకుండా రాలిపోతుంది. మడమ దగ్గర నిలువు అంచు ఉంటే దిగుడులో అది అడ్డుపట్టెలా పనిచేస్తుంది. తడి బండపై మాత్రం గాడుల లోతు కన్నా రబ్బరు మెత్తదనమే పట్టునిస్తుంది. గోరుతో నొక్కితే ప్లాస్టిక్‌లా బిరుసుగా తగిలే సోలు తడిలో జారుతుంది. ఏ సోలైనా తడి నాచు మీద నమ్మదగినది కాదు. అక్కడ చుట్టూ తిరిగి వెళ్లడమే వివేకం.

నీరు రాదు... చెమటా పోదు

‘తడవని’ బూట్లలో గుడ్డకు, లోపలి వస్త్రానికి నడుమ పలుచని పొర ఉంటుంది. గోర్‌-టెక్స్‌ వంటి పొరలు ఈ కోవకు చెందినవే. పొరలోని సూక్ష్మ రంధ్రాల గుండా నీటి చుక్క లోపలికి రాలేదు. చెమట ఆవిరి మాత్రం బయటకు పోగలదు. కానీ దానికి ఒక షరతు ఉంది. బూటు లోపలి కన్నా బయటి గాలి చల్లగా, పొడిగా ఉండాలి. ఉక్కపోసే రోజుల్లో ఆవిరి పోవడం మందగించి, బయట చుక్క వాన లేకున్నా మేజోళ్లు చెమటతోనే తడిసిపోతాయి. తడిసిన చర్మం మెత్తబడి త్వరగా పొక్కులెక్కుతుంది.

మరో ఇబ్బంది కూడా ఉంది. వంక దాటుతుండగా బూటు అంచు మీదుగా నీరు లోపలికి చేరితే, బయటి నీటిని ఆపిన ఆ పొరే లోపలి నీటినీ పట్టి ఉంచుతుంది. అలాంటి బూటు ఆరడానికి మామూలు బూటు కన్నా ఎక్కువ సమయం పడుతుంది.

పడమటి మండలాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు పొడి వాతావరణమే. నైరుతి వానలు జూన్‌ నుంచి సెప్టెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. తుపాను పట్టిందంటే 2021 నవంబరులో మాదిరి వంకలన్నీ పొంగుతాయి. అలా పొంగిన వంకను దాటించగల బూటు ఏదీ లేదు. ఆగిపోవడమే మార్గం. కాబట్టి వేసవిలో, పొడి నెలల్లో నడిచేవారికి గాలి ఆడే మామూలు బూట్లే సుఖం. వానాకాలంలోనూ, తెల్లవారుజామున మంచు పట్టిన గడ్డిలోనూ తరచూ నడిచేవారికి, చలి ప్రదేశాలకు వెళ్లేవారికి తడవని బూటు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఒకే జత కొనగలిగినవారు తాము ఎక్కువగా నడిచేది ఏ నెలల్లోనో చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఈ బూట్లు కొనేటప్పుడు ‘నాలుక’ను పరిశీలించడం మరువరాదు. లేసుల కింది నాలుక రెండు పక్కలా పైవరకు బూటుకు కుట్టి ఉంటేనే నీరు, ఇసుక లోపలికి చేరవు. నాలుక విడిగా ఉంటే పెట్టె మీద ఏమి రాసి ఉన్నా తడి తప్పదు.

పొలానికి, అడవికి ఏది?

నడక బూటును పొలం పనికి వాడటం సరికాదు. టమాటా తోటలో పురుగుమందు కొట్టేటప్పుడు గుడ్డ, తోలు బూట్లు మందును పీల్చుకుని చర్మానికి అంటిస్తాయి. ఆ పనికి మోకాలి కింది వరకు వచ్చే రబ్బరు గంబూట్లే తగినవి. ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకుండా, మందు కారి లోపలికి చేరని విధంగా బూటు పైకి వదలాలి.

పాముకాటు విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చేది. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అందులో 2001 నుంచి 2014 వరకు జరిగిన మరణాల్లో దాదాపు 70 శాతం 8 రాష్ట్రాలలోనివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ వాటిలో ఒకటి. సగం మరణాలు జూన్‌, సెప్టెంబరు మాసాల మధ్య వానల కాలంలోనే సంభవించాయి. కాట్లలో ఎక్కువ భాగం పడేది కాళ్ల మీదనే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర సంచరించే ఈ ప్రాంతంలో చీకటి వేళ ఉత్త కాళ్లతో, చెప్పులతో గడ్డిలో అడుగు పెట్టడం ప్రమాదకరం. చీలమండ వరకు ఉన్న నడక బూటు కొంత కాపు ఇస్తుంది. మోకాలి కింది వరకు ఉన్న గంబూటు మరింత కాపు ఇస్తుంది. చేతిలో టార్చి, కర్ర బూటుకు తోడుండాలి. విడిచిన బూటును మరునాడు తొడిగే ముందు తిరగేసి దులపడం అలవాటు చేసుకోవాలి. తేళ్లు, మండ్రగబ్బలు దాగేది అందులోనే. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం కూడదు. బూటు మెల్లగా తొలగించి, కాలు కదలనీయకుండా 108 వాహనంలో ఆసుపత్రికి తరలించాలి.

కొనేముందు...

కుప్పం నుంచి రైలులో, మదనపల్లె, పుంగనూరుల నుంచి బస్సులో బెంగళూరు వెళ్లి కొనేవారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ఎక్కువయ్యారు. ఆన్‌లైన్‌లో కొంటే సైజు సంఖ్యను నమ్మక సెంటీమీటర్ల పట్టికను చూడాలి. మార్చి ఇచ్చే సౌకర్యం ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. వచ్చిన జతను రెండు రోజులు ఇంట్లోనే, మట్టి అంటకుండా నడిచి చూడాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. జత రూ.2,500 వరకు ఉంటే పన్ను 5 శాతం, ఆపై 18 శాతంగా నిర్ణయించారు. ఆ గీత దాటగానే ధర ఒక్కసారిగా పెరగడానికి పన్ను కూడా కారణం. ధరలు పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బూటు కరిచినా తెలియదు. చిన్న పొక్కు పుండుగా మారే ముప్పు ఉంది. వారు కొత్త బూటును మొదట అరగంటకు మించి వాడరాదు. విడిచిన ప్రతిసారీ అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. ఎర్రని మచ్చ కనిపిస్తే ఆ జత పక్కన పెట్టి వైద్యుని సంప్రదించాలి. ఎదిగే పిల్లలకు రెండేళ్లు పనికొస్తాయని పెద్ద సైజు కొనడమూ తగదు. వదులు బూటుతో కొండ దిగే పిల్లవాడు పడిపోయే అవకాశం ఎక్కువ.

వాడకం, సంరక్షణ

- కొత్త బూట్లతో నేరుగా కొండకు వెళ్లవద్దు. వారం, పది రోజులు ఊళ్లోనే నడిచి అలవాటు చేసుకోవాలి.
- నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచుతాయి. ఉన్ని లేదా కృత్రిమ నూలు కలిసినవి మేలు. సంచిలో మరో జత పొడివి ఉంచుకోవాలి.
- దారిలో ఎక్కడైనా రాపిడి, మంట తెలియగానే ఆగి ఆ చోట అతుకుపట్టీ వేయాలి. పొక్కు లేచేదాకా ఆగకూడదు.
- తడిసిన బూట్లను పొయ్యి పక్కన, మండుటెండలో ఆరబెడితే జిగురు ఊడుతుంది. లోపలి అట్ట తీసి, పాత కాగితాలు కుక్కి, నీడలో గాలికి ఉంచాలి. కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి.
- మట్టిని మెత్తని బ్రష్‌తో, మంచినీటితో కడగాలి. వాషింగ్‌ మెషిన్‌లో వేయరాదు.
- నీటి చుక్కలు పైగుడ్డ మీద నుంచి జారిపోకుండా ఇంకుతుంటే పైపూత పోయినట్లు. దుకాణాల్లో దొరికే నీరంటని స్ప్రేను మళ్లీ కొట్టుకోవాలి.
- ఏళ్ల తరబడి పెట్టెలో ఉంచిన బూట్ల సోలు, వాడకపోయినా గాలిలోని తేమకు పెళుసుబారి విడిపోవచ్చు. ప్రయాణానికి ముందు సోలును లాగి, వంచి చూడాలి.
- గాడులు అరిగి నున్నబడిన జతను ఊళ్లో వాడుకోవాలే గానీ కొండకు తీసుకెళ్లరాదు.

అభయారణ్యం, రిజర్వు అటవీ ప్రాంతాల్లో నడకకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. కుప్పం, పలమనేరు అడవుల్లో ఏనుగుల సంచారం ఉన్నందున ఒంటరిగా, చీకటి పడ్డాక వెళ్లడం శ్రేయస్కరం కాదు. మంచి బూటు అడుగును కాపాడుతుందే తప్ప, వాన ముసురుకున్నప్పుడు వెనుదిరగడమా, ముందుకు సాగడమా అన్న నిర్ణయం నడిచేవారే తీసుకోవాలి.